అర టన్ను నీళ్లకి ఏ అద్దం?

పట్టుచీర కొనేటప్పుడు కొంగు తిరగేసి చూస్తాం. స్టీలు గిన్నె కొంటే వేలితో మీటి, అడుగు మందం చూసి మరీ కొంటాం. ఆఖరికి టీ కప్పుల సెట్టుని కూడా ఒక్కొక్కటీ వెలుగులో పట్టుకుని, పగుళ్లు లేవని రూఢి చేసుకుంటేగానీ బుట్టలో వేయం. అదే, హాల్లోకి అయిదడుగుల అక్వేరియం చేయించాలనుకోండి... చేపలు ఏవి వేయాలి, రాళ్లు ఏ రంగువి, వెనకాల అతికించే బొమ్మలో కొబ్బరిచెట్లుండాలా పగడపు దిబ్బలుండాలా అని వారం రోజులు మాట్లాడుకుంటాం. అర టన్ను నీళ్లని పగలూ రాత్రీ ఆపి ఉంచే అద్దం మాత్రం ‘షాపువాడు వేసిందే’ అయిపోతుంది!

ఈ మాట ఎందుకంటున్నానంటే, ఈమధ్య మా ఇంటికి పెద్ద తొట్టి చేయించే పని నా నెత్తిన పడింది. విజయవాడలో నాలుగు షాపులు తిరిగాను. అన్నిచోట్లా ఒకటే వరస. "ఎన్ని లీటర్లది కావాలండీ?" అన్నారు. "స్టాండు చెక్కదా, ఐరన్‌దా?" అన్నారు. అద్దం సంగతి నేనడిగితే జవాబు మాత్రం నాకు కాకుండా పక్కనున్న మావారికి చెప్పారు. ఆయన ఆ జవాబు విని, "నువ్వేమంటావు?" అన్నట్టు నావైపు తిరిగేవారు. వారం వారం నీళ్లు మార్చేదెవరు? పాచి గోకేదెవరు? తొట్టి ముందు కూచుని అన్నం తినే పసివాణ్ణి కనిపెట్టుకుని ఉండేదెవరు? మనమే కదా! అందుకని ఈ అద్దం కథేమిటో మనమే తెలుసుకోవడం మంచిది.

లీటర్లు కాదు, ఎత్తు చూడండి

ముందు ఓ చిన్న లెక్క. అయిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు... అంటే ఇరవై ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి 28 లీటర్ల పైచిలుకు. అంచుదాకా నింపితే సుమారు 566 లీటర్లు. రెండంగుళాలు తగ్గించి పోసినా 520. లీటరు నీళ్లు కిలో బరువు. అద్దాల బరువే వంద కిలోలు దాటుతుంది. అడుగున పరిచే ఇసుకా రాళ్లూ కలిపితే మొత్తం ఏడు వందల కిలోలకి దగ్గర పడుతుంది. పదిమంది పెద్దవాళ్లు మంచమంత జాగాలో ఒకళ్లనొకళ్లు ఒరుసుకుంటూ నిలబడి, ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే ఎలా ఉంటుందో అలాగన్నమాట.

అయితే ఈ బరువంతా ముందు అద్దం మీద పడదు. అది అడుగు అద్దానికీ, స్టాండుకీ, నేలకీ చెందిన బాధ. ముందు అద్దాన్ని నీళ్లు పక్కకి తోస్తాయి. ఆ తోపుడు నీళ్లు ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి ఉండదు, ఎంత ఎత్తున ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇది మనకి తెలియని సంగతేం కాదు. మేడమీద ట్యాంకు ఎంత ఎత్తున పెడితే కింద పంపులో ధార అంత జోరుగా వస్తుంది. ట్యాంకు వెడల్పుతో పనిలేదు. తొట్టిలోనూ అంతే. వెనకాల నీళ్లు రెండడుగుల వెడల్పున ఉన్నా, ఇరవై అడుగుల వెడల్పున ఉన్నా ముందు అద్దానికి తెలిసేది ఒకటే.

మనం అనుకున్న అయిదడుగుల తొట్టిని నిండుగా నింపితే, ముందు అద్దాన్ని మొత్తంమీద సుమారు 280 కిలోల బలం బయటికి తోస్తుంది. అదే తొట్టి ఎత్తు రెండడుగులకి బదులు అడుగున్నర చేయించామనుకోండి, ఆ తోపుడు 160 కిలోలకి దిగిపోతుంది. ఎత్తు రెట్టింపయితే తోపుడు నాలుగింతలు! కాబట్టి షాపులో "నాలుగొందల లీటర్లకి ఇంత మందం, అయిదొందలకి ఇంత" అని చెబితే నమ్మకండి. పొట్టిగా, వెడల్పుగా ఉన్న నాలుగొందల లీటర్లు వేరు, బీరువాలా నిటారుగా నిలబెట్టిన నాలుగొందల లీటర్లు వేరు.

మరి ఎంత మందం? అక్వేరియంలు కట్టేవాళ్లు చాలామంది పాటించే లెక్క ఒకటుంది. అద్దం విరగడానికి కావలసిన బలానికీ, అది రోజూ మోసే బలానికీ మధ్య దాదాపు నాలుగు రెట్ల ఎడం ఉంచుతారు. ఆ లెక్కన మామూలు అద్దానికి... అడుగెత్తున్న చిన్న తొట్టికి 5 ఎం.ఎం. చాలు. పొడవు అయిదడుగులుండి ఎత్తు అడుగున్నరైతే 8 ఎం.ఎం. సరిగ్గా అంచున నిలుస్తుంది, 10 వేయించుకుంటే నిశ్చింత. రెండడుగులైతే 12. రెండున్నరడుగులకి 15 కూడా చాలదు, 19 దాకా వెళ్లాలి. అడుగు అద్దం ముందు అద్దానికంటే తక్కువ మందం ఎన్నడూ ఉండకూడదు.

ఎనిమిదికీ పన్నెండుకీ తేడా నాలుగే కదా అనిపిస్తుంది. కానీ అద్దం బలం మందాన్ని బట్టి వరసగా పెరగదు, ఇంకా జోరుగా పెరుగుతుంది. 8 ఎం.ఎం. కంటే 12 ఎం.ఎం. అద్దం రెండుంపావు రెట్లు బలమైనది. వంపు సంగతైతే మరీనూ. అదే తోపుడుకి 12 ఎం.ఎం. అద్దం ఉబ్బేదానికి మూడు రెట్ల పైన 8 ఎం.ఎం. అద్దం ఉబ్బుతుంది. ఈ వంపు సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ దీంతో పనుంది.

"టఫెన్డ్ వేస్తాం మేడమ్!"

రెండో షాపులో జరిగిన ముచ్చట చెబుతాను.

"మేడమ్, పన్నెండు ఎం.ఎం. ఎందుకు దండగ? ఎనిమిదిలో టఫెన్డ్ వేస్తాం. మామూలు దానికంటే నాలుగింతలు స్ట్రాంగు. సుత్తితో కొట్టినా పగలదు" అన్నాడు కుర్రాడు.

"వంగదా?" అన్నాను.

"ఆఁ?"

"పగలదు సరే బాబూ, వంగదా?"

ఆ అబ్బాయి కౌంటర్లో కూచున్న పెద్దాయన వంక చూశాడు. ఆయన చిన్నగా నవ్వి, "వంగుద్దమ్మా" అన్నాడు. ఆ నాలుగు షాపుల్లో నాకు నచ్చిన జవాబు అదొక్కటే.

టఫెన్డ్ గ్లాస్ అంటే వేరే పదార్థమేం కాదు. మామూలు అద్దాన్నే కావలసిన కొలతకి కోసి, ఆరువందల డిగ్రీలు దాటేదాకా కాల్చి, ఒక్కసారిగా గాలి ఊది చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడిపోతుంది, లోపలిది తర్వాత ఆరుతూ దాన్ని లోపలికి గుంజుతుంది. ఆ బిగువు వల్లనే దానికి బలం. విరగడానికి మామూలు అద్దం కంటే నాలుగైదు రెట్ల బలం కావాలన్నమాట నిజమే. కానీ వంగే గుణం మాత్రం మారదు. 8 ఎం.ఎం. టఫెన్డ్ అద్దం, 8 ఎం.ఎం. మామూలు అద్దం ఎంత వంగుతుందో సరిగ్గా అంతే వంగుతుంది. అద్దం తట్టుకుంటుంది, మరి మూలల్లో దాన్ని పట్టుకున్న సిలికాన్ అతుకు? అద్దం ఉబ్బినప్పుడల్లా ఆ అతుకు సాగుతుంది. తెల్లారిలేస్తే సాగుతూనే ఉంటుంది. ఓ అయిదారేళ్లకి ఎక్కడో ఓ మూల నెమ్మదిగా చెమ్మ కనిపిస్తుంది.

ఇంకోటుంది. టఫెన్డ్ అద్దాన్ని కాల్చాక మళ్లీ కోయడానికి లేదు, రంధ్రం పెట్టడానికి లేదు. డ్రిల్లు ఆనిస్తే మొత్తం పలక చిన్నచిన్న పలుకులుగా రాలిపోతుంది. తర్వాతెప్పుడో ఫిల్టరు పైపు కోసం రంధ్రం కావాలనుకుంటే దారి లేదు. తయారీలోనే నికెల్ సల్ఫైడ్ రేణువు ఒకటి అద్దంలో చిక్కుకుపోతే, ఏళ్ల తర్వాత ఎవరూ ముట్టుకోకుండానే పలక పేలిపోయే అవకాశమూ ఉంది. తరచుగా జరిగేది కాదు గానీ, జరగదని అనలేం.

మా తోటికోడలి ఇంట్లో నాలుగడుగుల తొట్టి ఉండేది. పక్క అద్దాలు టఫెన్డువి. ఓ అర్ధరాత్రి రెండు గంటలప్పుడు పెద్ద చప్పుడు. సిలిండర్ పేలిందనుకుని అందరూ లేచి పరుగెత్తుకొచ్చారట. చూస్తే ఒక పక్క అద్దం లేనే లేదు! కల్లుప్పు రాళ్లలా హాలంతా గాజు పలుకులు. తొట్టిలో ఉన్న నీళ్లన్నీ నిమిషంలో నేలమీదికొచ్చాయి. నేలమీదే ఇన్వర్టరూ బ్యాటరీ. మా బావగారు చెప్పుకాళ్లతో గోడవారనే నడిచి మెయిను ఆపేదాకా ఎవర్నీ హాల్లో అడుగుపెట్టనివ్వలేదు. అంచుకి ఎప్పుడో దెబ్బ తగిలిందో, స్టాండు మెలితిరిగిందో, లోపల రేణువే ఉందో ఆ పలుకులు చూసి ఎవరూ చెప్పలేకపోయారు. ఆ షాపుని అడిగితే "మీ పిల్లలు ఏదో కొట్టుంటారు" అన్నారట. రాత్రి రెండు గంటలకి!

సాయంత్రాలు మా తోటికోడలి మనవరాలు పలక బలపం పట్టుకుని ఆ అద్దానికి వీపు ఆనించి కూచునేది. అర్ధరాత్రి జరిగింది కనక సరిపోయింది. ఈ సంగతి విన్నప్పటి నుంచే, మా తొట్టి అద్దం నేను చూసి ఒప్పుకున్నదే వేయాలని పట్టుబట్టాను.

మామూలు అద్దం విరగదా అంటే, ఎందుకు విరగదూ? విరిగితే దాని ముక్కలు కత్తుల్లా ఉంటాయి, ఆ ప్రమాదం దానికుంది. కాకపోతే చాలాసార్లు ముందొక గీటులా పగులు పడుతుంది, అక్కణ్ణుంచి నీరు కారుతుంది. బకెట్లు తేవడానికీ, పిల్లల్ని ఎత్తుకోవడానికీ, స్విచ్చి తీయడానికీ కాస్త వ్యవధి దొరికే అవకాశం ఉంది. టఫెన్డుతో ఆ అవకాశం కూడా లేదు. అలాగని టఫెన్డ్ చెడ్డదని కాదు. తలుపులకీ, టీపాయ్‌లకీ, బాత్రూమ్ అడ్డాలకీ అది మేలైన అద్దం. చేపల తొట్టికీ వేయొచ్చు, కానీ మామూలు అద్దం ఎంత మందం కావాలో అంతే మందంలో వేయాలి. మందం తగ్గించడానికి సాకుగా వాడినప్పుడే తంటా.

రెడీమేడ్ తొట్టి కొనేవాళ్లకి ఓ చిట్కా. టఫెన్డ్ అద్దానికి సాధారణంగా ఓ మూల చిన్న ముద్ర ఉంటుంది. అది సిలికాన్ కింద కనబడకపోతే, ఫోన్ తెర తెల్లగా వెలిగించి అద్దం వెనకాల పట్టుకోమనండి. పోలరైజ్డ్ చలవ కళ్లద్దాలు పెట్టుకుని ఇవతలి నుంచి తల అటూ ఇటూ వంచి చూడండి. టఫెన్డ్ అయితే చారలో, మచ్చలో, ఇంద్రధనుస్సు రంగులో కనిపిస్తాయి. మామూలు అద్దం శుభ్రంగా ఉంటుంది. నేను షాపులో ఈ పని చేస్తుంటే మావారు పక్క షాపు బోర్డు చదువుతూ నిలబడ్డారు!

ఆకుపచ్చ అంచు, తెల్లటి అంచు

మన అమ్మమ్మల కాలం కిటికీ అద్దాల్లోంచి చూస్తే వీధి కాస్త అలలు అలలుగా కనిపించేది గుర్తుందా? అప్పటి అద్దం సాగదీసి చేసేవాళ్లు. 1959లో ఇంగ్లండులో పిల్కింగ్టన్ సంస్థ కొత్త పద్ధతి ప్రకటించింది. కరిగిన తగరం మడుగు మీద కరిగిన గాజు పోస్తే, పాలమీద మీగడలా సమంగా పరుచుకుంటుంది. అదే ఫ్లోట్ గ్లాస్. ఇప్పుడు మనకి అద్దాల షాపులో దొరికే మామూలు అద్దమంటే అదే. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో సెయింట్ గోబెన్ వాళ్ల ఫ్లోట్ గ్లాస్ ఫ్యాక్టరీ 2000లో మొదలైంది.

ఈ అద్దం అంచు చూడండి, ఆకుపచ్చగా ఉంటుంది. ఇసుకలో సహజంగా ఉండే ఇనుము వల్ల వచ్చే రంగది. పలచటి అద్దంలో తెలియదు. 12 ఎం.ఎం. దాటేసరికి తెల్ల చేప కాస్త పచ్చగా, ఎర్ర చేప కాస్త మసకగా కనిపిస్తుంది. ఇనుము బాగా తగ్గించి చేసే అద్దాన్ని షాపుల్లో ఎక్స్‌ట్రా క్లియర్ అనో, క్రిస్టల్ క్లియర్ అనో అమ్ముతారు. ఖరీదు ఎక్కువే. బలంలో మాత్రం మామూలు అద్దానికీ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. "క్లియర్ గ్లాస్ కదా, పది ఎం.ఎం. చాలు" అన్నారంటే అది వ్యాపారపు మాట.

నాలుగు పక్కలా దాన్నే వేయించాలని కూడా లేదు. మనం చూసేది ముందు నుంచి. కాబట్టి ముందు ఒక్కటీ క్లియర్ వేయించి, పక్కలకీ అడుక్కీ మామూలుది, వెనకాల ఎలాగూ బొమ్మ అతికిస్తాం కనక అక్కడా మామూలుదే వేయించాను. చీరకి జరీ కొంగు వరకూ చాలదూ? షాపులో నిజమైన క్లియరా కాదా తేల్చుకోవాలంటే రెండు రకాల ముక్కలూ ఒకే మందంవి తెప్పించి, తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి కాగితం రంగుని పచ్చగా మారుస్తుంది, రెండోది మార్చదు. మందం కొలవడానికి మా చిన్నాడి జామెట్రీ బాక్సులో స్కేలు పట్టుకెళ్లాను. పన్నెండని చెప్పిన చోట పది కనిపించిన షాపు కూడా ఒకటి తగిలింది.

అన్నట్టు, నీటి ప్రాణుల్ని గాజు తొట్టిలో పెట్టి చూడటం మొదలుపెట్టింది ఎవరో తెలుసా? ఓ దర్జీ పిల్ల! జాన్ విల్‌ప్రూ పవర్ అని, 1794లో ఫ్రాన్సులో పల్లెటూళ్లో పుట్టింది. పారిస్‌లో బట్టలు కుట్టే పనిలో చేరి, 1816లో ఓ రాకుమారి పెళ్లి గౌను కుట్టి పేరు తెచ్చుకుంది. ఇంగ్లీషు వ్యాపారిని పెళ్లాడి సిసిలీ దీవిలోని మెస్సీనాకి కాపురానికి వెళ్లింది. ఆర్గొనాట్ అనే సముద్రజీవి తన గుల్లని తనే కట్టుకుంటుందా, లేక ఎవరిదో కాజేస్తుందా అని పండితులు తగువులాడుకుంటున్న రోజులవి. ఆవిడ 1832లో గాజు తొట్లు తయారుచేయించి, వాటిలో ఆ జీవుల్ని పెంచి, కళ్లారా చూసి, తన గుల్ల తనే కట్టుకుంటుందని తేల్చింది. శుక్రగ్రహం మీద ఓ గుంటకి ఆవిడ పేరు పెట్టారు. ఈసారి షాపువాడు సమాధానం మీ ఆయనకి చెబితే, ఈ కథ మీరు అతనికి చెప్పండి.

లామినేటెడ్, యాక్రిలిక్

రెండు అద్దాల మధ్య జిగురు పొర పెట్టి అతికించేది లామినేటెడ్. కారు ముందు అద్దం అదే. ఒక పలక పగిలినా రెండోది ఆపుతుంది. కానీ అంచుల్లో చెమ్మ చేరితే మధ్య పొర పాలిపోయి తెల్లబడుతుంది. పైగా రెండు ఆరు ఎం.ఎం. పలకలు అతికిస్తే పన్నెండు ఎం.ఎం. ఒకే పలకంత బిగువు రాదు. ఇంటి తొట్టికి నేనైతే దాని జోలికి పోను.

యాక్రిలిక్ అద్దం కాదు, ఓ రకం ప్లాస్టిక్కు. అద్దం బరువులో సగం కూడా ఉండదు. తెల్లగా, తేటగా ఉంటుంది. పెద్ద పెద్ద ప్రదర్శనశాలల్లో ఉండేది ఇదే. మన ఇళ్లలో దీనితో చిక్కు గీతలు. పాచి గోకేటప్పుడు స్పాంజిలో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే చాలు, ముగ్గు గీసినట్టు గీత పడుతుంది. పనిమనిషి గిన్నెల పీచుతో తుడిచిందా, ఇక అంతే సంగతులు. పోనీ పగలదు కదా అంటారేమో, 2022 డిసెంబరు 16 తెల్లవారుజామున బెర్లిన్‌లో ఓ హోటల్ లాంజ్‌లో ఉన్న యాక్రిలిక్ అక్వేరియం పగిలిపోయింది. పది లక్షల లీటర్ల నీళ్లు వీధిలోకొచ్చాయి. అందులోని పదిహేను వందల చేపల్లో దాదాపు అన్నీ పోయాయి. మనుషులు ఇద్దరికి గాయాలయ్యాయి. పగటిపూటైతే ఏమయ్యేదో ఊహించుకోండి.

అంచులు, అతుకులు, పట్టీలు

అద్దం ఎంత మందమున్నా పగులు అంచు దగ్గరే మొదలవుతుంది. కోసినప్పుడు అంచున చిన్న పెచ్చు లేస్తుంది, మనం పట్టించుకోం. అద్దం మధ్యలో వెంట్రుకవాసి గీతకంటే ఆ పెచ్చే ప్రమాదం. అందుకని అంచులన్నీ పాలిష్ పట్టించమనండి. తీసుకునేటప్పుడు ఒక్కొక్క అంచూ వేలి కొసతో కాకుండా పాత మేజోడు తొడుక్కుని తడిమి చూడండి. నూలుపోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ పెచ్చున్నట్టే. ఆ పలక వద్దనండి.

అతికించే సిలికాన్ అక్వేరియంలకని రాసున్న ట్యూబుదే కావాలి. బాత్రూమ్ టైల్సుకి వాడే వాటిలో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది చేపలకి విషం. మామూలుగా వాడే రకం ఆరేటప్పుడు వెనిగర్ వాసన వేస్తుంది. ఆ వాసన పూర్తిగా పోయేదాకా నీళ్లు పోయకూడదు. చిన్న తొట్టికి రెండు రోజులు చాలినా, ఇంత పెద్దదానికి వారం ఆగడం మంచిది. "రేపు సాయంత్రం డెలివరీ ఇచ్చేస్తాం" అన్నారంటే వద్దనండి.

పైన చుట్టూ మూడంగుళాల వెడల్పు అద్దం పట్టీలు అతికించమని నేను గట్టిగా చెప్పాను. మధ్యలో అడ్డంగా ఒకటి. పై అంచు బయటికి ఉబ్బకుండా అవి పట్టి ఉంచుతాయి. ఈమధ్య ఏ పట్టీలూ లేకుండా వట్టి గాజుపెట్టెలా ఉండటం ఫ్యాషనైంది. ఫొటోల్లో ముచ్చటగానే ఉంటుంది. అలా కావాలంటే మందం ఇంకో మెట్టు పెంచాలి. పట్టీలు ఉంటే మూత పెట్టడానికీ వీలు. అరోవానా పెంచుదామనుకునేవాళ్లకి మూత తప్పనిసరి, అది ఎగిరి బయట పడుతుంది. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ లాంటివి అడుగు దాకా పెరిగి రాళ్లని మూతితో నెట్టేస్తాయి. అటువంటివాటికి బరువైన రాళ్లు ఇసుక మీద కాకుండా ముందే అడుగున ఆన్చి పెట్టాలి.

అత్తయ్య ఈశాన్యం, నా బీము

ఎంత మంచి అద్దమైనా కింద సమంగా లేకపోతే మెలితిరిగి పగులుతుంది. స్టాండు మీద ముప్పావంగుళం ప్లైవుడ్, దాని మీద థర్మోకోల్ షీటు, దాని మీద తొట్టి. ప్లైవుడ్ మీద ఓ చిన్న ఇసుక గింజ ఉండిపోయినా ఆ థర్మోకోల్ సర్దుకుంటుంది. అది లేకుండా ఏడు వందల కిలోలు ఆ గింజ మీద కూచుంటే అడుగు అద్దం పని అయిపోయినట్టే. మేస్త్రీ దగ్గర రసమట్టం ఉంటుంది, పొడవునా అడ్డంగా రెండు వైపులా పెట్టించి చూడండి.

మేడమీదా, అపార్టుమెంటులోనా ఉండేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. మన దేశంలో ఇళ్ల గదుల శ్లాబుని మామూలుగా చదరపు మీటరుకి సుమారు 200 కిలోల వాడకపు బరువు లెక్కతో కడతారు. మన తొట్టి కూచునేది చదరపు మీటరు కంటే తక్కువ జాగాలో, బరువు ఏడు వందలు. గది మొత్తం ఆ బరువుని పంచుకుంటుంది నిజమే, అయినా గది మధ్యలో పెట్టడం మాత్రం తగదు. గోడ వారన, కింద బీము ఉన్నచోట, బీము పొడవునా ఆనేలా పెట్టాలి. బిల్డింగు ప్లాను చూడటం తెలిసిన ఇంజనీరుని ఓసారి పిలిపించి చూపిస్తే అయ్యే ఖర్చు చేపల మేత కంటే ఎక్కువేం కాదు.

మా ఇంట్లో దీని మీద చిన్న రాయబారమే నడిచింది. నీళ్లు ఈశాన్యంలోనే ఉండాలని మా అత్తయ్య. టీవీ ఎదురుగా ఉండాలని పిల్లలు. బీము ఎక్కడుంటే అక్కడే అని నేను. ఇంజనీరు వచ్చి చూసి, ఉత్తరం గోడ కింద బీము ఉందన్నాడు. ఉత్తరం గోడకి తూర్పు కొస ఈశాన్యమేగా! "నే చెప్పలా" అన్నారు అత్తయ్య. నేనూ అదే అన్నాను. పిల్లలు టీవీని అటు తిప్పుకున్నారు.

బిల్లు మీద ‘ముందు 12 ఎం.ఎం. ఎక్స్‌ట్రా క్లియర్, మిగతా 12 ఎం.ఎం. ఫ్లోట్, టఫెన్డ్ కాదు, అంచులు పాలిష్’ అని రాయించుకున్నాను. "ఇదంతా బిల్లులో ఎవరూ రాయించుకోరు మేడమ్" అన్నాడా కుర్రాడు. "రాసివ్వరా" అన్నాడు పెద్దాయన.

తొట్టి వచ్చాక తిన్నగా హాల్లో పెట్టనివ్వలేదు. కింద పోర్టికోలో, సమంగా ఉన్నచోట, ప్లైవుడ్డూ థర్మోకోల్ వేసి దింపించాను. అతుకుల కింద చుట్టూ పాత న్యూస్‌పేపర్లు పరిచాం, ఒక్క చుక్క పడినా మచ్చ తెలిసిపోతుంది. మొదటిరోజు మూడో వంతు నీళ్లు, రెండో రోజు ఇంకో వంతు, మూడో రోజు పూర్తిగా. నింపకముందూ నింపాకా ముందు అద్దానికి అడ్డంగా ఓ దారం బిగించి పట్టుకుని చూశాను. నింపాక మధ్యలో అద్దం దారాన్ని తాకుతూ, కొసల దగ్గర సన్నటి సందు కనిపించింది. ఆ పాటి ఉబ్బు మామూలే, రోజు రోజుకీ పెరగకుండా ఉంటే చాలు. రోజూ పొద్దున్నే పాలు కాచాక ఆ దారం పట్టుకెళ్లి చూసేదాన్ని. వాచ్‌మన్ భార్య రెండో రోజు నుంచి ఇంకో కొస పట్టుకోవడం మొదలుపెట్టింది.

ఏడు రోజులూ పేపర్లు పొడిగానే ఉన్నాయి. ఎనిమిదో రోజు గొట్టం పెట్టి నీళ్లన్నీ లాగేశాం. ఖాళీ తొట్టిని పైకి మోయడానికి ఆరుగురు మనుషులు కావలసి వచ్చారు. ఆ అయిదొందల లీటర్లూ అపార్టుమెంటు చుట్టూ ఉన్న అశోక చెట్లకి పోయించాం. చేపలకి ఇంకా నెల రోజులు ఆగాలి. ఫిల్టరులో మంచి సూక్ష్మజీవులు చేరి నీళ్లు కుదుటపడాలి కదా. ఆ లోపు పిల్లలు రోజూ వచ్చి వట్టి నీళ్లనే చూసి వెళుతున్నారు.